లెక్కల్లో ముందు, చదవడంలో వెనుక: ఇలాంటి విద్యార్థికి తరగతిలో ఏం చేయాలి?

గణితం టీచర్ (జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల)

అందరికీ నమస్కారం. ఎనిమిదో తరగతి చదువుతున్న ఒక అబ్బాయి విషయంలో మీ సలహా కోరుతున్నాను. ఒకటి నుంచి వంద వరకు ఉన్న బేసి సంఖ్యల మొత్తం ఎంత అని ఒకరోజు తరగతిలో అడిగాను. మిగతా పిల్లలు కూడికలు మొదలుపెట్టారు. ఇతడు మాత్రం నోటుబుక్కు చివరి పేజీలో ఒక చుక్క పెట్టి, దాని పక్కన మూల తిప్పి మూడు చుక్కలు, ఆ పక్కన ఐదు చుక్కలు పెట్టుకుంటూ పోయి, "ఎన్ని వరుసలు చేర్చినా చతురస్రమే వస్తోంది టీచర్, బేసి సంఖ్యలు యాభై ఉన్నాయి కాబట్టి యాభై యాభైలు రెండు వేల ఐదు వందలు" అన్నాడు. ఆ పద్ధతి అతడికి ఎవరూ చెప్పలేదు.

అదే అబ్బాయికి పాఠ్యపుస్తకంలోని రాత లెక్క ఇస్తే రెండు వాక్యాలు చదవడానికి చాలాసేపు పడుతుంది. "వ్యాసార్ధం" అన్న మాటను "వాసారదం" అని చదువుతాడు, "వాసార్దం" అని రాస్తాడు. నల్లబల్ల మీది నుంచి ఎత్తి రాసేటప్పుడు ఒక్కొక్క అక్షరానికీ తల ఎత్తి చూస్తాడు కాబట్టి నేను బల్ల తుడిచే వేళకు అతడి పేజీలో సగం కూడా నిండదు. ఏడో తరగతిలో తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింటిలోనూ అంతంతమాత్రం మార్కులే. గణితం, సైన్సు వల్ల మొత్తం 55 శాతం దాటింది, అందువల్ల ఎన్ఎంఎంఎస్ ఉపకార వేతన పరీక్షకు అర్హత వచ్చింది.

ఇప్పుడు సమస్య ఏమిటంటే, సాయంత్రం ఎన్ఎంఎంఎస్ శిక్షణ జరిగే సమయంలోనే చదవడం రాని పిల్లలకు ప్రత్యేక తరగతి కూడా నడుస్తోంది. చదవడమే రానివాడికి ఉపకార వేతన పరీక్ష ఎందుకని అతడిని ఆ రెండో గుంపులో వేయాలని స్టాఫ్ మీటింగులో నిర్ణయించారు. నాకు మనసొప్పడం లేదు, కానీ నా అభ్యంతరాన్ని ఎలా సమర్థించుకోవాలో స్పష్టంగా తెలియడం లేదు. ఇలాంటి పిల్లలను చూసినవారు చెప్పగలరా?

ఐఈఆర్పీ, భవిత కేంద్రం

టీచర్ గారూ, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బోధించే భవిత కేంద్రంలో నేను పనిచేస్తున్నాను. మీరు చెప్పిన లక్షణాలు డిస్లెక్సియాను (చదవడంలో ఇబ్బంది), డిస్‌గ్రాఫియాను (రాయడంలో ఇబ్బంది) గుర్తు చేస్తున్నాయి, అయితే ఈ వర్ణనను బట్టి ఎవరూ నిర్ధారణ చేయకూడదు. ముందుగా కంటి చూపు, వినికిడి పరీక్ష చేయించండి. బల్ల మీది అక్షరాలు కనబడక వెనుకబడిన పిల్లలను నేను మా మండలంలోనే చూశాను. ఆ తర్వాత అతడి తెలుగు నోటుబుక్కులు మూడు నాలుగు ముందు పెట్టుకుని తప్పులు ఎక్కడ పడుతున్నాయో చూడండి.

ఇంగ్లీషులో డిస్లెక్సియా ఉన్న పిల్లల గురించి చదివిన విషయాలు తెలుగుకు యథాతథంగా సరిపోవు. ఇంగ్లీషులో ఒకే అక్షరానికి రకరకాల ధ్వనులు ఉంటాయి కాబట్టి పిల్లలు మాటలనే తప్పు చదువుతారు. తెలుగులో అక్షరానికీ ధ్వనికీ సంబంధం చాలావరకు నిలకడగా ఉంటుంది, అందుచేత ప్రతిభ గల పిల్లవాడు ఏడెనిమిది తరగతులకు వచ్చేసరికి కష్టపడి చాలావరకు సరిగ్గానే చదవగలుగుతాడు, కాకపోతే విపరీతంగా నెమ్మదిగా చదువుతాడు. తప్పులు సాధారణంగా వత్తుల దగ్గర, హ్రస్వ దీర్ఘాల దగ్గర, సున్న దగ్గర, మ–య, ప–వ, ద–ధ వంటి దగ్గరి రూపాల దగ్గర పడతాయి. మీరు ఉదాహరించిన మాటలో యకార వత్తు జారిపోవడం, ధకారం దకారం కావడం సరిగ్గా ఈ కోవలోవే.

ఇంకొక్క మాట కూడా చెప్పాలి. మాధ్యమం ఇంగ్లీషుకు మారిన తర్వాత ఇలాంటి పిల్లల ఇబ్బందిని "ఇంగ్లీషు రాకపోవడం" అనుకుని వదిలేయడం ఎక్కువైంది. ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఉన్నచోట ఎదురెదురు పేజీల్లో ఒకే పేరాను రెండు భాషల్లోనూ చదివించి చూడండి. మాతృభాషలో కూడా అంతే తడబాటు ఉంటే అది ఇంగ్లీషు సమస్య కాదు.

తెలుగు భాషోపాధ్యాయుడు

నేను స్టాఫ్ మీటింగు నిర్ణయం వైపు మాట్లాడతాను, దయచేసి ఓపికగా వినండి. చదవడం అనేది మిగిలిన చదువులన్నింటికీ వాకిలి. పదమూడేళ్ళ పిల్లవాడు బస్సు మీది బోర్డు, మందుల చీటీ, దరఖాస్తు ఫారం చదువుకోలేకపోతే, అతడికి బేసి సంఖ్యల మొత్తం చెప్పగలిగినంత మాత్రాన జీవితం గడవదు. ఇంట్లో చదువు చెప్పేవారు లేని పిల్లలకు బడి తప్ప వేరే దిక్కు లేదు, రెండేళ్ళలో పదో తరగతి పరీక్షలు వస్తాయి. ఆ మిగిలిన కాలాన్ని చదవడానికి ఇవ్వమనడం అతడి మీద చిన్నచూపు కాదు, బాధ్యత.

రెండో విషయం న్యాయానికి సంబంధించినది. నా తరగతిలో యాభై మందికి పైగా ఉన్నారు. ఒక్కరికి అదనపు సమయం, ఒక్కరికి నోటితో సమాధానం అంటే మిగతావారు, వారి తల్లిదండ్రులు అడిగే ప్రశ్నకు మేమేం జవాబు చెప్పాలి?

క్లినికల్ సైకాలజిస్టు

మాస్టారి ఆందోళన నిజమైనదే. దానికి జవాబు ఇచ్చే ముందు, ఇలాంటి పిల్లలు ఎందుకు కనబడకుండా పోతారో చెప్పాలి, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది.

వీరిని స్థూలంగా మూడు రకాలుగా చూస్తాం. కొందరిలో ప్రతిభ మాత్రమే పైకి కనిపిస్తుంది. చదవడంలోని లోటును జ్ఞాపకశక్తితో, ఊహతో కప్పిపుచ్చుకుంటూ వచ్చి, పాఠాలు పెద్దవయ్యే ఆరేడు తరగతుల్లో ఒక్కసారిగా వెనుకబడతారు, అప్పుడు వారిని బద్ధకస్తులంటారు. కొందరిలో వైకల్యం మాత్రమే కనిపిస్తుంది. వారికి సర్టిఫికెట్టు వస్తుంది, ప్రత్యేక తరగతి వస్తుంది, కానీ వారిలో అసాధారణమైన ఆలోచన ఉందని ఎవరూ వెతకరు. మూడో రకం పిల్లల్లో ఆ రెండూ ఒకదానినొకటి కప్పేసుకుంటాయి. వారికి సగటు మార్కులు వస్తాయి, ఏ టీచరూ వారి గురించి ఫిర్యాదు చేయరు, ఎవరూ వారిని మెచ్చుకోరు. నా దగ్గరకు వారు చదువు సమస్యతో రారు. పదో తరగతిలోనో ఇంటర్‌లోనో కడుపునొప్పి, నిద్రలేమి, బడికి వెళ్ళనని మొండికేయడం వంటి ఫిర్యాదులతో వస్తారు.

పరీక్షలు చేసేటప్పుడు కూడా ఇదే పొరపాటు దొర్లుతుంది. ప్రజ్ఞా పరీక్షలో (ఐక్యూ పరీక్షలో) మాటలతో తర్కించడం, ఆకారాలను విశ్లేషించడం, పని చేస్తూ విషయాన్ని గుర్తు పెట్టుకోవడం, వేగంగా రాతపని పూర్తిచేయడం వంటి విభాగాలు విడివిడిగా ఉంటాయి. మొదటి రెండింటిలో చాలా ఎత్తున, చివరి రెండింటిలో చాలా కింద ఉన్న పిల్లవాడికి మొత్తం కలిపి లెక్కగట్టిన సంఖ్య మామూలుగానే ఉంటుంది. అందువల్ల టీచర్ గారూ, మదింపు నివేదిక వచ్చినప్పుడు చివరి సంఖ్య ఒక్కటే చూడకండి, విభాగాలవారీ అంకెలు అడిగి తీసుకోండి, వాటి మధ్య దూరాన్ని వివరించమనండి.

డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాల ధ్రువీకరణకు సంబంధించి 2018 జనవరిలో కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాలు ప్రజ్ఞా పరీక్ష తర్వాతే బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ రూపొందించిన పరీక్షలను వాడాలని, ఎనిమిదేళ్ళు నిండినవారికే ధ్రువపత్రం ఇవ్వాలని, 14 ఏళ్ళకు, 18 ఏళ్ళకు మళ్ళీ పరీక్షించాలని చెప్పాయి. 2024 మార్చిలో వీటిని సవరించారు కాబట్టి ధ్రువపత్రం ఇచ్చే జిల్లా వైద్య మండలి దగ్గర తాజా విధానం కనుక్కోండి. మీ విద్యార్థి వయసు పధ్నాలుగుకు దగ్గరలో ఉంది కాబట్టి ఆలస్యం చేయవద్దు.

ఇక మాస్టారు చెప్పిన దానికి వస్తాను. చదవడం నేర్పాలి, అందులో రెండో మాట లేదు. అయితే చదవడం వచ్చే వరకు అతడు ఆనందంగా, గౌరవంగా నిలబడగలిగిన ఏకైక చోటును తీసేయడం చికిత్స కాదు. బలహీనత బాగుపడితేనే బలానికి చోటిస్తామనే షరతు పెట్టిన చోట రెండూ చెడిపోవడమే నేను చూశాను.

నిర్మాణ రంగ ఇంజినీరు

పై చివరి వాక్యం చదివి నేను రాయకుండా ఉండలేకపోతున్నాను. నాకు డిస్లెక్సియా ఉందని ఇంజినీరింగు పూర్తయిన తర్వాత తెలిసింది. బడిలో వరుసగా ఒక్కొక్కరి చేత ఒక్కో పేరా చదివించేవారు. నా ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి, నా వంతుకు వచ్చే పేరా ఏదో కనిపెట్టి, ముందువాళ్ళు చదువుతున్నంతసేపూ దాన్ని మనసులో బట్టీ పట్టేవాణ్ణి. నా వంతు ఎలాగో గట్టెక్కేది, కానీ ఆ పాఠంలో ఏముందో నాకు ఒక్క ముక్క కూడా ఎక్కేది కాదు. ఎవరైనా ఆ రోజు రాకపోతే లెక్క తప్పిపోయేది, అప్పుడు నిలబడి ఏడ్చిన సందర్భాలు ఉన్నాయి.

నాకు ఒక చిన్న ఏర్పాటు జరిగి ఉంటే సరిపోయేది. రేపు నీ చేత ఫలానా పేరా చదివిస్తాను అని ముందురోజు చెబితే చాలు. ఇంటి దగ్గర పదిసార్లు చదువుకుని వచ్చేవాణ్ణి, తరగతిలో మిగతా సమయమంతా పాఠం వినగలిగేవాణ్ణి. దీనికి డబ్బు అక్కర్లేదు, ధ్రువపత్రం కూడా అక్కర్లేదు.

రాత బాగుచేయడం కోసమని నా ఆటల పీరియడు, డ్రాయింగు పీరియడు తీసేసి చూచిరాత రాయించారు. డ్రాయింగే నాకు బాగా వచ్చిన విషయం, ఈ రోజు నేను చేస్తున్న ఉద్యోగానికి మూలం కూడా అదే. టీచర్ గారూ, ఎన్ఎంఎంఎస్ తరగతి నుంచి ఆ అబ్బాయిని తీయనివ్వకండి.

తెలుగు భాషోపాధ్యాయుడు

ఇంజినీరు గారి అనుభవం నన్ను కదిలించింది. చదవడాన్ని పక్కన పెట్టడం మీదే నా అభ్యంతరం కానీ, ఎన్ఎంఎంఎస్ శిక్షణ మీద కాదని స్పష్టం చేస్తున్నాను. రెండూ వేర్వేరు సమయాల్లో జరిగితే నా వైపు నుంచి పేచీ లేదు.

చదివించే తీరు గురించి నాకు తోచిన ఒక మార్గం చెబుతాను. ఇలాంటి పిల్లవాడికి మళ్ళీ "అల, వల, తల" నుంచి మొదలుపెడితే అవమానంగా భావిస్తాడు, పైగా అతడి బుద్ధికి అందులో పని ఉండదు. అతడు నమూనాలు పట్టుకోగలడని టీచర్ గారు రాశారు. తెలుగులో శాస్త్ర పదాలు చాలావరకు అతుకులతో కట్టినవే కదా. "వ్యాసార్ధం" అనే మాటను అక్షరాల వరుసగా కాకుండా వ్యాసం, అర్ధం అనే రెండు ముక్కలుగా చూపించి, వ్యాసంలో సగం కాబట్టి వ్యాసార్ధం అని, అ, అ కలిస్తే ఆ అవుతుందనే సవర్ణదీర్ఘ సంధి సూత్రాన్ని అక్కడే చెప్పవచ్చు. సమబాహు, సమద్విబాహు, విషమబాహు అనే మూడు మాటలను ఒకదాని కింద ఒకటి రాసి, వాటిలో మారని ముక్క ఏది, మారిన ముక్క ఏది అని అడగండి. త్రిభుజం, చతుర్భుజం, బహుభుజి కూడా అంతే. ఇరవై ముప్పై ముక్కలు పట్టుబడితే గణితం, సైన్సు పుస్తకాల్లోని వందలాది మాటలు గుర్తుపట్టగలుగుతాడు. వత్తు ఎందుకు వచ్చిందో అర్థం తెలిసిన చోట దాన్ని జారవిడిచే అవకాశం తగ్గుతుంది. వ్యాకరణాన్ని మేము ఎనిమిదో తరగతిలో ఎలాగూ చెబుతాం. ఈ అబ్బాయికి అది పరీక్ష కోసం కాకుండా చదవడం కోసం పనికొస్తుంది.

నోటితో సమాధానం తీసుకోవడం గురించి నేను లేవనెత్తిన న్యాయం ప్రశ్నకు కూడా నాకు నేనే కొంత జవాబు వెతుక్కున్నాను. అష్టావధానంలో అవధాని చేతిలో కలం గానీ కాగితం గానీ ఉండవు. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన అన్నీ నోటితోనే సాగుతాయి, చివర ధారణ కూడా నోటితోనే. రాయలేదు కాబట్టి ఆయనకు పాండిత్యం లేదని మనలో ఎవరమూ అనం. ప్రతిభను నోటిమాటతో పరీక్షించి గౌరవించిన సంప్రదాయం మనకు ఉన్నప్పుడు, విషయం తెలిసిందా లేదా అని చూడవలసిన చోట నోటితో అడగడం మెట్టు దిగడం కాదని ఒప్పుకుంటాను. కానీ తెలుగు పరీక్షలో రాత తప్పులకు మార్కులు తగ్గించకపోతే భాషోపాధ్యాయుడిగా నేను దేన్ని పరీక్షిస్తున్నట్టు?

భౌతికశాస్త్రం టీచర్

మాస్టారి చివరి ప్రశ్న చాలా అవసరమైనది. నేను పాటించేది ఇది: ఏ ప్రశ్న దేన్ని పరీక్షించడానికి ఇచ్చామో, ఆ ఒక్కదానికే మార్కులు. వర్ణక్రమం పరీక్షించే ప్రశ్నలో తప్పు తప్పే. కిరణజన్య సంయోగక్రియ గురించి అడిగినప్పుడు ఆ మాటలో వత్తు పోయినా ప్రక్రియ సరిగ్గా వివరిస్తే పూర్తి మార్కులు వేయాలి.

యాభై మంది ఉన్న గదిలో ఇది సాధ్యమా అన్నారు కాబట్టి నేను చేస్తున్నవి చెబుతాను. బల్ల మీద రాసే నోట్సును ముందుగానే ఒక కాగితం మీద రాసి, జిరాక్స్ తీయించి అలాంటి పిల్లలకు ఇస్తాను. ఎత్తి రాయడానికి పోయే సమయం వినడానికి మిగులుతుంది. నిర్మాణాత్మక మూల్యాంకనంలో లఘు పరీక్షతో పాటు పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు పని అనే భాగాలు ఉన్నాయి. ప్రాజెక్టును నమూనా చేసి నోటితో వివరించడానికి ఏ నిబంధనా అడ్డు రాదు, మనమే అందరి చేతా పది పేజీల చార్టులు రాయిస్తున్నాం. ఫోన్‌లో తెలుగులో మాట్లాడితే అక్షరాలు పడే సదుపాయం ఇప్పుడు చాలామంది దగ్గర ఉంది; ముందు ఆలోచన అందులో చెప్పించి, ఆ తర్వాత దాన్ని చూసి దిద్దుకుంటూ రాయమంటే, ఏం చెప్పాలి అన్న బరువూ ఎలా రాయాలి అన్న బరువూ ఒకేసారి పడవు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ ద్వారా దీక్ష అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో పాఠాన్ని వినే వీలు కూడా ఉన్నచోట వాడుకోవాలి.

గణితంలో అయితే టీచర్ గారూ, అభ్యాసంలోని ఇరవై లెక్కల్లో చివర ఉండే కఠినమైన నాలుగింటిని అతడి చేత ముందు చేయించండి. అవి సరిగ్గా చేస్తే మిగిలిన పదహారు రాయనక్కర్లేదు. త్వరగా ముగించిన పిల్లవాడికి అదే రకం లెక్కలు మరో పది ఇవ్వడం బహుమానంలా కనిపించే శిక్ష, అందులోనూ రాయడమే కష్టమైన పిల్లవాడికి మరీను. గళ్ళ నోటుబుక్కు ఇస్తే ఒకట్ల స్థానం, పదుల స్థానం పక్కకు జారకుండా ఉంటాయి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఇలాంటి పిల్లలను గుంపులో ప్రయోగం చేసే పనికే, రాత పనికి ఇంకొకరిని శాశ్వతంగా కేటాయించకండి. అలా చేస్తే రాయడం తన పని కాదని అతడు తీర్మానించుకుంటాడు. ఒక పట్టిక నింపడమో, పటానికి పేర్లు పెట్టడమో, చిన్నదైనా ఒక రాత పని అతడి వంతుకు ఉండాలి.

ఇన్‌స్పైర్ మానక్ పోటీకి పాఠశాల తరఫున పిల్లల ఆలోచనలు పంపుతాం కదా, అక్కడ వెతకేది కొత్త ఆలోచనను. మీ అబ్బాయిని అందులో కూడా గుర్తుంచుకోండి. ఆలోచన అతడిది కావాలి, దాన్ని రాయడంలో సాయం మీరు చేయవచ్చు.

న్యూజెర్సీలో ఒక తల్లి

మాది గుంటూరు జిల్లా, పదిహేనేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాం. ఈ దేశంలో వికలాంగ విద్యార్థుల చట్టం కింద ప్రత్యేక విద్యా ప్రణాళిక, పునరావాస చట్టం 504వ సెక్షన్ కింద వసతులు అనే రెండు మార్గాలు ఉన్నాయి. అయినా మా అమ్మాయికి ఏదీ అక్కర్లేదని చాలాకాలం అన్నారు, కారణం ఆమెకు మార్కులు బాగా వస్తున్నాయట. ఆ మార్కుల వెనుక రాత్రి పదకొండు వరకు నేను పక్కన కూర్చుని పాఠాలు చదివి వినిపించడం ఉందని వారికి కనబడలేదు. తెలివైన పిల్లలకు కూడా అభ్యసన వైకల్యం ఉండవచ్చని, తెలివి ఎక్కువగా ఉందన్న కారణంతోనే వారిని అనర్హులుగా తేల్చకూడదని ఇక్కడి కేంద్ర విద్యాశాఖ 2013లో ఒక లేఖలో వివరించింది. ఆ లేఖ ప్రతిని చేత పట్టుకుని వెళ్ళాక మాట మారింది.

చట్టం ఉంటే చాలు అంతా జరిగిపోతుందని ఎవరూ అనుకోవద్దని చెప్పడానికే ఇది రాశాను. ఇంటి దగ్గర ఎంత సాయం జరుగుతోందో, హోంవర్కుకు ఎంతసేపు పడుతోందో ఒక పుస్తకంలో రాసిపెట్టండి. మాకు అన్నింటికంటే ఎక్కువగా ఉపయోగపడిన ఆధారం అదే.

ప్రధానోపాధ్యాయురాలు

ఇక కాగితాల సంగతి నేను చెబుతాను. చాలామంది ప్రధానోపాధ్యాయులు దయాదాక్షిణ్యాల విషయం అనుకుంటున్నది నిజానికి చట్టంలో ఉన్న బాధ్యత. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ప్రత్యేక అభ్యసన వైకల్యం ఒకటి. 16వ సెక్షన్ ఇలాంటి పిల్లలను వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధనా చర్యలు తీసుకోవాలని విద్యాసంస్థలకు చెబుతుంది. 17వ సెక్షన్ పరీక్షల్లో అదనపు సమయం, లేఖకుడి (విద్యార్థి చెప్పింది రాసిపెట్టే వ్యక్తి) సదుపాయం, రెండో, మూడో భాషల మినహాయింపు వంటి మార్పుల గురించి చెబుతుంది. 2020 జాతీయ విద్యా విధానం ప్రతిభ గల పిల్లల గురించి ఒకచోట, అభ్యసన వైకల్యం గల పిల్లల గురించి మరొకచోట మాట్లాడింది. రెండూ ఒకే పిల్లవాడికి వర్తించే సందర్భాన్ని బడిలో మనమే కలిపి చదువుకోవాలి.

సీబీఎస్ఈలో మూడు గంటల పరీక్షకు గంట అదనంగా ఇస్తారు, అంటే గంటకు ఇరవై నిమిషాల లెక్క. రాష్ట్ర బోర్డుల్లో పదో తరగతికి సంబంధించి పాఠశాల నుంచి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే విద్యార్థుల జాబితాలు) వెళ్ళే నాటికే ధ్రువపత్రం, దరఖాస్తు సిద్ధంగా ఉండాలి. హాల్ టికెట్లు వచ్చాక తల్లిదండ్రులు పరుగెత్తుకుంటూ వస్తే మేము చేయగలిగింది చాలా తక్కువ. అందువల్ల ఎనిమిదో తరగతిలో ఇప్పుడే ఈ పని మొదలుపెట్టడం ఎంతో మంచిది.

సదుపాయాలకు సాధారణంగా పరిమితిగా చూసే నలభై శాతం వైకల్యం లేదని వైద్య మండలి అంటే దారి మూసుకుపోయిందనుకోకండి. వికాశ్ కుమార్ కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, రాయడంలో ఇబ్బంది ఉన్న అభ్యర్థికి లేఖకుడిని ఇవ్వడానికి నలభై శాతం పరిమితి అడ్డు కాకూడదని చెప్పింది. అదే ఏడాది నవంబరులో డిస్‌గ్రాఫియా ఉన్న ఒక విద్యార్థినికి నీట్ పరీక్షలో అదనపు సమయం ఇవ్వకపోవడాన్ని తప్పుపట్టింది. ఆ తర్వాత 2022 ఆగస్టులో, నలభై శాతం కంటే తక్కువ వైకల్యం ఉండి రాయడంలో ఇబ్బంది పడేవారికి కూడా లేఖకుడి సదుపాయం ఇచ్చే మార్గదర్శకాలను కేంద్రం ప్రకటించింది, 2025లో వాటిని సవరించింది. ఈ మూడు విషయాలనూ దరఖాస్తులో ప్రస్తావిస్తే కార్యాలయాల్లో మీ మాటకు బలం వస్తుంది.

మిగతా పిల్లల తల్లిదండ్రులు అడిగితే ఏం చెప్పాలన్న మాస్టారి ప్రశ్నకు నా జవాబు ఇది. ప్రశ్నపత్రం అందరికీ ఒకటే, దిద్దే పద్ధతీ ఒకటే; తెలిసిన విషయం కాగితం మీదికి రావడానికి ఇతడికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి ఆ సమయం మాత్రమే ఇస్తున్నాం. నేను ఇలా చెప్పినప్పుడు తల్లిదండ్రులు అర్థం చేసుకున్నారు, కొందరు తమ పిల్లవాడిని కూడా పరీక్షింపజేయాలా అని అడిగారు.

గణితం టీచర్ (జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల)

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చను మా ప్రధానోపాధ్యాయుల వారికి చూపించాను. చదవడం తరగతిని ఉదయం ప్రార్థనకు ముందు ఇరవై నిమిషాలకు మార్చడానికి ఒప్పుకున్నారు, సాయంత్రం ఎన్ఎంఎంఎస్ శిక్షణ కొనసాగుతుంది. మా తెలుగు మేడం గారు ముక్కలు విడదీసి చదివించే పద్ధతితో మొదలుపెడతానన్నారు. అబ్బాయి తల్లిని పిలిచి మాట్లాడాను. ఆమె వ్యవసాయ కూలీ. వైకల్యం అన్న మాట వినగానే భయపడ్డారు, సర్టిఫికెట్టు తీసుకుంటే పెద్దయ్యాక ఉద్యోగం రాదేమోనని అడిగారు. అతడు వేసిన చుక్కల పేజీ చూపించి, ఈ తెలివి మార్కుల్లో కనబడాలంటే ఈ కాగితం అవసరమని చెప్పాక వైద్య మండలికి తీసుకెళ్ళడానికి సరేనన్నారు.

ఒక సందేహం మిగిలింది. లేఖకుడు వచ్చినా గణితంలో లాభం ఉంటుందా? సోపానాలన్నీ నోటితో చెప్పి రాయించడం పెద్దలకే కష్టం కదా.

ఐఈఆర్పీ, భవిత కేంద్రం

కష్టమే టీచర్ గారూ, అందుకే పరీక్ష రోజున మొదటిసారి లేఖకుడితో కూర్చున్న పిల్లలకు లాభం కంటే నష్టమే ఎక్కువగా జరుగుతుంది. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు అభ్యర్థి సొంతంగా తెచ్చుకునే లేఖకుడి అర్హత అభ్యర్థి అర్హత కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలన్నాయి, 2025లో వాటిని మార్చారు కాబట్టి తాజా నియమం కనుక్కోండి; ఏదైనా పదో తరగతి గణితం తెలియని వ్యక్తి చేతే ఇతడు రాయించుకోవలసి రావచ్చు. "ఎక్స్ ప్లస్ త్రీ హోల్ స్క్వేర్" అంటే కింది తరగతి పిల్లవాడు బ్రాకెట్ లేకుండా రాసేస్తాడు. "బ్రాకెట్ తెరువు, ఎక్స్ ప్లస్ మూడు, బ్రాకెట్ మూయి, పైన చిన్నగా రెండు" అని చెప్పడం అలవాటు చేయాలి. ప్రతి సోపానానికీ "కొత్త వరుస" అనాలి, భిన్నమైతే ముందు గీత గీయించి, తర్వాత పైది, తర్వాత కిందిది చెప్పాలి.

తొమ్మిదో తరగతి మొదటి నుంచే ప్రతి యూనిట్ పరీక్షలో ఒక్క ప్రశ్నను ఏడో తరగతి పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టి ఇలా రాయించండి. మిగిలినవి అతడే రాయాలి. కొన్ని నెలలయ్యాక అతడికే తెలుస్తుంది, ఏ రకం లెక్కలు తానే రాసుకుంటే నయమో, ఏవి చెప్పి రాయిస్తే నయమో. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి రేఖాగణితం పటాలు తానే గీసుకుని, నిరూపణలు మాత్రం లేఖకురాలికి చెప్పేది. మీ అబ్బాయి ఎంపిక వేరుగా ఉండవచ్చు, దాన్ని అతడినే తేల్చుకోనివ్వండి. వైద్య మండలి తేదీ ఖరారయ్యాక నాకు ఇక్కడే తెలియజేయండి. నోటుబుక్కులు, యూనిట్ పరీక్షల పేపర్లు, మీరు గమనించిన విషయాలతో ఒక పేజీ నోటు ఎలా తయారుచేసి తీసుకెళ్ళాలో చెబుతాను.